కరవాంగ్ ఎవరిది

పడవల క్లబ్బువాళ్లు బెవన్‌కి పడవ బొమ్మ ఇచ్చారు. అతని భార్య గ్లెనిస్‌కి పూలు ఇచ్చారు.

బొమ్మ అచ్చం వాళ్ల తెరచాప పడవ కరవాంగ్ లాగే ఉంది. మూరెడు పొడవున, లేత పసుపు పైన్ చెక్కతో చేయించారు. తెరచాప కొయ్యకి సన్నటి తీగలు లాగి కట్టారు. అడుగున ఇత్తడి రేకు మీద పడవ పేరు, దాని కింద కెప్టెన్ బెవన్ ట్రెలోర్ అని చెక్కించారు. క్లబ్బు అధ్యక్షుడు నెవిల్ దాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తి చూపించాడు. భుజం ఆపరేషన్ అయినంత మాత్రాన మనిషి సముద్రాన్ని మరిచిపోడని, ఇంత పడవని అమ్ముకోవాలంటే ఎంత గుండె ఉండాలో తనకి తెలుసని అన్నాడు. చివర్లో గొంతు బొంగురుపోయింది. అందరూ బల్లలు చరిచారు. బెవన్ తలెత్తలేదు. బీరు గ్లాసుని బల్ల మీద అటు కాస్త, ఇటు కాస్త తిప్పుతూ కూర్చున్నాడు.

తర్వాత నెవిల్ గ్లెనిస్ వైపు తిరిగి, ఇన్నేళ్లూ ఈయన పిచ్చి భరించినందుకు ఇవి అంటూ పూలగుత్తి చేతిలో పెట్టాడు. ఇకనుంచి ఆదివారాలు పొడి బట్టలతో హాయిగా గడపొచ్చన్నాడు. అందరూ నవ్వారు. గ్లెనిస్ కూడా నవ్వింది. పూలకాడలకి చుట్టిన రంగుకాగితం తాళ్లు లాగి లాగి ఆమె అరచేతిలో కాసిన కాయలకి తగిలి గరగరలాడింది.

భోజనాల దగ్గర ఒక్కొక్కరే బెవన్ కుర్చీ దగ్గరికి వచ్చి, బాగున్న భుజం మీద చెయ్యి వేసి వెళ్లారు. ఆడవాళ్లు గ్లెనిస్‌ని పక్కకి పిలిచి జాగ్రత్తలు చెప్పారు. మొదటి చలికాలం కష్టంగా ఉంటుంది, మనిషిని ఖాళీగా కూర్చోనివ్వకు, వడ్రంగం పనేదైనా అంటగట్టు అన్నారు. ఆమె అందరికీ సరేనంది. ఆల్చిప్పల మాంసం పెట్టి కాల్చిన స్కాలప్ పైని సగం తిని పక్కన పెట్టేసింది.

ఇంటికి కారు ఆమే నడిపింది. బెవన్ బొమ్మని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పడవ కట్టి ఉన్న కెటరింగ్ రేవు పక్కనించి పోతుంటే అటు తిప్పిన మొహం ఇటు తిప్పేశాడు. గ్లెనిస్ అది చూసింది. ఇంట్లో పూలకి సరిపడే కూజా లేక, రంగులు కలిపే బకెట్లో నీళ్లు పోసి పెట్టింది.

*

మర్నాడు పొద్దున్నే పడవ అప్పగించాలి. కొనుక్కున్నవాళ్లు టాస్మానియా రాజధాని హోబార్ట్‌లో ఉండే యువజంట. అమ్మాయి పేరు టాంసిన్, ఆస్పత్రిలో నర్సు. భర్త నేరుగా ఇంజను మూత తీసి అందులో తలదూర్చాడు. టాంసిన్ మాత్రం బెవన్ వెనకే తిరుగుతూ ప్రశ్నలు అడగసాగింది. ఇంజనుకి నీళ్లు లోపలికి వచ్చే కవాటం ఎక్కడుంది, గాలి ఎక్కువైతే పెద్ద తెరచాపని మొదట ఎంతవరకు దించాలి, లంగరు గొలుసు చిక్కుపడితే ఎక్కడ చెయ్యి పెట్టాలి.

మొదటి ప్రశ్నకి బెవన్, "గ్లెన్‌ని అడగమ్మా" అన్నాడు. రెండోదానికీ అదే అన్నాడు. మూడోదానికి ఆ పిల్ల తనంతట తానే గ్లెనిస్ వైపు తిరిగింది.

గ్లెనిస్ ఆమెని పడవ ముందు కొసకి తీసుకెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని గొలుసు గది మూత తీసి చూపించింది. గొలుసు దిగేటప్పుడు పాదం ఎక్కడుండాలో, ఎక్కడ అసలు ఉండకూడదో తన బూటు పెట్టి చూపించింది. తాడు చుట్టేటప్పుడు దాని మెలిక ఎటు పోతానంటే అటు పోనివ్వాలి, మన మాట వినిపించాలని చూడకూడదు అంది. ఈ పడవ ఎదురుగాలికి కాస్త మొండికేస్తుందని, చుక్కాని చక్రం పట్టుకున్నవాళ్లు కంగారుపడకుండా ఆ ఒక్క క్షణం ఓపిక పడితే తనే దారికొస్తుందని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి తెరచాప కొయ్యనించి ముందు కొసకి లాగి కట్టిన తీగని పట్టుకునే ఉంది. ఆ తీగ మీద చెయ్యి ఉంటే గాలి మారడం కళ్లకన్నా ముందు వేళ్లకి తెలుస్తుంది. అది టాంసిన్‌కి చెప్పబోయి, ఎందుకో చెప్పలేదు.

బెవన్ అప్పటికి పడవ దిగిపోయాడు. జెట్టీ చివరిదాకా నడిచివెళ్లి, వీళ్లకి వీపు పెట్టి, జేబులో ఒక చెయ్యి దోపుకుని నిలబడ్డాడు. రెండో చెయ్యి పట్టీలో వేలాడుతోంది.

టాంసిన్ అటు చూసి గొంతు తగ్గించింది. "పాపం, ఆయనకి ఎంత కష్టంగా ఉందో కదండీ. చూడలేకపోతున్నారు. మేం బాగా చూసుకుంటామని మీరు ఆయనకి చెప్పండి."

"చెబుతాను," అంది గ్లెనిస్.

తాళం చెవులు ఇచ్చేసింది. ఇరవై ఆరేళ్లుగా తాను రుద్ది, నూనె పూసి, ఇసుకకాగితం పట్టిన టేకు చెక్కల మీద చివరిసారి నడిచి, పక్క తాడు దాటి జెట్టీ మీదికి దిగింది. దిగేటప్పుడు ఎవరూ చెయ్యి అందించలేదు. ఆమెకి ఎప్పుడూ ఎవరి చెయ్యీ అవసరం లేదు కాబట్టి అందించాలని ఎవరికీ తోచలేదు.

బెవన్ దగ్గరికి వెళ్లి అయిపోయిందంది. అతను తలాడించాడు. "పద, టీ తాగుదాం" అన్నాడు. ఫెర్రీ రేవు పక్క దుకాణంలో ఇద్దరూ టీ తాగారు. దుకాణంలో అమ్మాయి బెవన్ కప్పు పక్కన అడక్కుండానే ఒక బిస్కెట్టు పెట్టి, విన్నాను, మీరు ధైర్యంగా ఉండాలి అంది.

గ్లెనిస్ చేతులు కడుక్కొస్తానని చెప్పి వెనక గదిలోకి వెళ్లింది. కుళాయి తిప్పి, నీళ్లు పోతుండగా గోడకి నుదురు ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి మిగతా టీ తాగింది.

*

కొత్త బోటు ఆదివారం వచ్చింది. ఇరవై అడుగుల అల్యూమినియం మోటారు బోటు, ముందు చిన్న గది, వెనక ఒకటే మోటారు. ట్రైలర్‌తో సహా ఇంటి పక్క షెడ్డులో సరిగ్గా పట్టింది. ఈ బోటు ఆలోచన కూతురు కెరిన్‌ది. ఆమె ఇద్దరు పిల్లలూ కరవాంగ్ ఎక్కితే చాలు వాంతులు చేసుకునేవాళ్లు. గంటసేపు తిరిగి చేపలు పట్టుకుని, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసే బోటైతే అందరం కలిసి వెళ్లొచ్చు అని ఆమె ఏడాదిగా పోరుతోంది.

ఆ సాయంత్రం కెరిన్ ఫోన్ చేసింది. "నాన్న ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగింది. బాగానే ఉన్నాడంది గ్లెనిస్. నిజం చెప్పమంది కూతురు. నిజమే, షెడ్డులో ఉన్నాడు, బోటు కడుగుతున్నాడు అంది. కెరిన్ నిట్టూర్చి, పైకి అలాగే కనిపిస్తాడు, నువ్వే కనిపెట్టుకుని ఉండాలి అని చెప్పి పెట్టేసింది.

గ్లెనిస్ ఫోన్ పక్కన పెట్టి షెడ్డు దగ్గరికి వెళ్లింది. బెవన్ ఒంటిచేత్తో స్పాంజి పట్టుకుని బోటు పక్కలు తుడుస్తున్నాడు. సన్నగా ఈల వేస్తున్నాడు. ఆమె అడుగుల చప్పుడు వినగానే ఈల ఆపేశాడు.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. తన భర్త ఈల వేసుకున్నందుకు కూడా సిగ్గుపడేంత దుఃఖంలో ఉన్నాడా, లేక తనే మరీ మొహం మాడ్చుకుని తిరుగుతోందా అనుకుంది. బకెట్టు పైకెత్తి మురికి నీళ్లు బయట పారబోసి, మంచి నీళ్లు నింపుకొచ్చింది. ఇద్దరూ చీకటి పడేదాకా చెరో పక్క తుడిచారు. బోటు చిన్నది కావడంతో తుడుస్తూ తుడుస్తూ దాని ముందు ముక్కు దగ్గర ఇద్దరి చేతులూ కలిశాయి. కరవాంగ్‌ని ఇద్దరూ చెరో పక్కా తుడిస్తే ఒకరికొకరు కనిపించేవాళ్లే కారు.

*

మంగళవారం గాలి లేదు. ట్రయల్ బే దగ్గర బోట్లు దించే వాలు మీద పెద్దగా జనం లేరు. బెవన్ చెయ్యి ఇంకా బండి తిప్పే స్థితిలో లేదు కాబట్టి గ్లెనిస్సే కారు నడుపుతోంది. ఆమె పుట్టిపెరిగింది సిగ్నెట్ దగ్గర ఆపిల్ తోటలో. కాయల పెట్టెలు నింపిన తొట్టిబండిని చెట్ల వరసల మధ్య వెనక్కి నడపడం ఆమెకి చిన్నప్పటినించీ అలవాటు. స్టీరింగు చక్రం కింది అంచున చెయ్యి పెట్టి, అద్దంలో చూస్తూ, ట్రైలర్‌ని నెమ్మదిగా నీళ్లలోకి దింపింది.

పక్కన తన బోటు కడుక్కుంటున్న ఒకాయన రబ్బరు బూట్లతో చప్పుడు చేసుకుంటూ బెవన్ దగ్గరికి వచ్చాడు. మోటారు ఎన్ని హార్స్‌పవర్, పెట్రోలు ఎలా తాగుతుంది, బోటు అలల మీద ఎగిరెగిరి పడుతుందా అని అడిగాడు.

"నాకేం తెలుసయ్యా," అన్నాడు బెవన్. "నేను ప్రయాణికుణ్ని. అదిగో, బోటు నడిపేది ఆవిడ. ఆవిణ్ని అడుగు."

ఆ మనిషి గ్లెనిస్ వైపు చూశాడు, బెవన్ వైపు చూశాడు, వేళాకోళం అనుకుని నవ్వేసి వెళ్లిపోయాడు. గ్లెనిస్ నవ్వలేదు. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి బోటు పట్టీ విప్పుతోంది. అక్కడ చలి మొదలయ్యే మే నెల, నీళ్లు కాళ్ల ఎముకలు కొరుకుతున్నాయి. బెవన్ ఇలాంటి మాట ఎప్పుడూ అని ఎరగడు.

కారు పైన పెట్టి వచ్చేసరికి బెవన్ బోటులో పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. చక్రం ముందు సీటు ఖాళీగా ఉంది.

"నీ భుజం నొప్పిగా ఉందా?" అందామె.

"లేదు. ఒంటిచేత్తో కూడా నడపొచ్చు దీన్ని. నువ్వు నడుపు."

ఆమె కూర్చుంది. మోటారు మొరిగినట్టు శబ్దం చేసి సర్దుకుంది. ఒడ్డుకీ దీవికీ మధ్య ఛానెల్లో నీళ్లు నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. బ్రూనీ దీవి వైపు కొండలకి ఇంకా మంచు పట్టే ఉంది. ఆమె చేతులు చక్రం మీద ఉన్నా, కాళ్లు మాత్రం లేచి ముందుకి వెళ్లాలని చూస్తున్నాయి. కరవాంగ్‌లో ఆమె చోటు అదే. ముందు కొసన నిలబడి, వెనక్కి చూడకుండా ఎడమ చెయ్యి ఎత్తితే ఎడమకి, పిడికిలి బిగిస్తే ఆగమని. వెనకనుంచి బెవన్ కేకలు. ఇంకా కుడికి, ఏం కనిపిస్తోంది, ఎంత లోతు, చెప్పవేం గ్లెన్. ఆ కేకలకి పక్క పడవల్లో వాళ్లు కూడా తలలు బయటపెట్టి చూసేవాళ్లు.

బార్న్స్ బే మలుపు దగ్గర ఇంజను ఆపింది. బెవన్ మోకాళ్ల మధ్య గేలం ఇరికించుకుని, ఒంటిచేత్తో ఎర గుచ్చి, నీళ్లలోకి వదిలాడు. ఆమె ఫ్లాస్కు తీసి టీ పోసింది. పోస్తూ పోస్తూ చెయ్యి ఆపింది.

"నన్నెవరూ అడగలేదు బెవ్," అంది.

"ఏమని?"

"ఏమనీ అడగలేదు. అందరూ వచ్చి నీ భుజం మీద చెయ్యేసి వెళ్లారు. నెవిల్ నాకు పూలిచ్చాడు. ఆ పిల్ల టాంసిన్, నా చేతిలోంచి తాళాలు తీసుకోబోతూ, ఆయనకి ఎంత కష్టమో అంది. కెరిన్ కూడా అంతే. అది నీ ఒక్కడి పడవ కాదు. నాకూ..." ఆమె ఫ్లాస్కు మూత బిగించింది. "నాకూ కష్టంగానే ఉంది. అంతే. ఇంకేం లేదు."

బెవన్ గేలం చుట్టి పక్కన పెట్టాడు.

"అది నా పడవే కాదు గ్లెన్," అన్నాడు. "నీదే. మొదట్నించీ నీదే. నేను చక్రం దగ్గర నిలబడ్డానంతే."

"ఓదార్చడానికి అనకు."

"ఓదార్చడం లేదు. నాకు భయం."

ఆమెకి అర్థం కాలేదు. దేనికి భయమని అడిగింది.

"సముద్రమంటే. ఆ పడవంటే. అది ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా ఇక బోల్తాపడుతుందనే అనుకునేవాణ్ని. చక్రం పట్టుకుంటే పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండేది, అందుకే పట్టుకునేవాణ్ని. నీలా ఒక్క తీగ ఆధారంగా ముందు నిలబడటం నా వల్ల అయ్యేదా? రాత్రి లంగరు వేశాక నువ్వు తల వాల్చగానే నిద్రపోయేదానివి. నేను గొలుసు చప్పుడు వింటూ పడుకునేవాణ్ని. ఆ పడవలో నేను తెల్లారేదాకా నిద్రపోయింది ఒక్క రోజు లేదు."

గ్లెనిస్ అతని మొహంలోకి చూసింది. "ఫ్లిండర్స్ దీవికి వెళ్లినప్పుడు కూడానా?" అంది. అంత దూరం ప్రయాణం అతని ఆలోచనే. దారిపొడుగునా జోకులు వేశాడు.

"అప్పుడు మరీనూ. నువ్వు వెళ్లాలని మూడేళ్లపాటు మ్యాపు ముందేసుకుని కూర్చున్నావు. నువ్వు అడగవని తెలిసి నేనే అన్నాను."

"మరి ఆ కేకలు?"

"భయం కనబడకుండా."

"బెవ్, సగం టాస్మానియాకి వినబడేవి నీ కేకలు."

"చాలా భయంగా ఉండేది మరి," అన్నాడతను. ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ బయటికి రాలేదు.

అతనే మళ్లీ మొదలుపెట్టాడు. డాక్టరు ఇక తాళ్లు లాగే పని కుదరదని చెప్పిన రోజు ఇంటికొస్తూ కార్లో తనకి ఏడుపొచ్చినంత పనైందని, అది బాధతో కాదని చెప్పాడు. ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలియలేదు. క్లబ్బులో నెవిల్ గొంతు బొంగురుపోతుంటే దొంగతనం చేసి పట్టుబడనివాడిలా తల దించుకుని కూర్చున్నాడు. జెట్టీ మీద వీపు తిప్పి నిలబడింది పడవని చూడలేక కాదు, ముందు తీగ పట్టుకుని నిలబడ్డ భార్యని చూడలేక.

"అమ్మేద్దామా అని నేను అడిగినప్పుడు సరే అన్నావు. నువ్వు వద్దంటావేమోనని చూశాను. వద్దంటే ఎలాగోలా ఇంకో నాలుగేళ్లు తిరిగేవాళ్లం."

"నీ భుజం అలా ఉంటే వద్దని ఎలా అంటాను?"

"అదీ తెలుసు," అన్నాడు. "తెలిసే అడిగాను. అది మాత్రం నా తప్పే."

ఒక సీగల్ వచ్చి బోటు అంచున వాలి, ఎర డబ్బా వైపు చూసి, ఎవరూ ఏమీ ఇవ్వకపోయేసరికి ఎగిరిపోయింది.

గ్లెనిస్‌కి కోపం రావాలి. వస్తుందేమోనని ఎదురుచూసింది కూడా. పొద్దున్నే బయలుదేరేముందు అతను ఎప్పుడూ రెండుసార్లు బాత్రూముకి వెళ్లడం, టోస్టు ముట్టకపోవడం, చక్రం దగ్గర నిలబడగానే మాటలు పెరిగిపోవడం ఆమెకి ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. తన వెనక, తాను ఎప్పుడో తప్ప తిరిగి చూడని చోట, ఒక మనిషి అంత భయంతో నిలబడి, ప్రతి వారం తాడు విప్పమని తనే చెప్పేవాడు. ఎందుకలా అని అడగాలనిపించింది. అడిగింది.

"నువ్వు అప్పుడప్పుడు ముందునించి వెనక్కి తిరిగి చూసేదానివి," అన్నాడు బెవన్. "మొహం నిండా నీళ్లు, జుట్టంతా మొహం మీద. నవ్వేదానివి. ఇంట్లో అలా నవ్వవు నువ్వు. ఆ నవ్వు చూశాక వచ్చే వారం వద్దని ఎలా చెప్పమంటావు?"

ఆమె టీ కప్పు తీసి, అతని బాగున్న చేతిలో పెట్టి, ఆ చెయ్యి చుట్టూ తన రెండు చేతులూ వేసి పట్టుకుంది. కాయలు కాసిన అరచేతులు అవి.

"థాంక్స్ బెవ్," అంది.

"ఏడిశావు. టీ చల్లారిపోతోంది."

టీ తాగి అతను మళ్లీ గేలం వేశాడు. టాంసిన్ దంపతులకి ముందు కొసన నిలబడటం తెలిసిన మనిషి అవసరమవుతుందని, గ్లెనిస్ వాళ్లతో వెళ్లాలని, తను జెట్టీ మీద నిలబడి చెయ్యి ఊపుతానని, ఆ పని తనకి బాగా వచ్చని అన్నాడు. వాళ్లు పిలవాలి కదా అంది గ్లెనిస్. తనే ఆ అమ్మాయిని అడుగుతానన్నాడు. వద్దు, నేనే అడుగుతాను అందామె. ఆ మాట అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

రెండు ఫ్లాట్‌హెడ్ చేపలు పడ్డాయి. ఒకటి చట్టం ఒప్పుకునే కొలతకి తక్కువుందని వదిలేశారు. రెండోదాన్ని బెవన్ ఒంటిచేత్తో కొక్కెం తీయబోతే అది ముళ్లతో వేలు కోసింది. తిట్టుకుంటూ వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆమె చేపని తువ్వాల్లో చుట్టి ఐసుపెట్టెలో వేసేసరికి అతను సీటు వెనక్కి వాల్చి, టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటానన్నాడు. కాసేపటికి నోరు కొంచెం తెరుచుకుంది. ఊపిరి నిదానమైంది.

మోటారు వేస్తే లేస్తాడేమోనని గ్లెనిస్ తటపటాయించింది. కానీ పోటు బోటుని రాళ్ల వైపు నెడుతోంది. తాళం చెవి తిప్పింది. అతను కదల్లేదు. అంతలో మలుపు తిరిగి ఫెర్రీ వచ్చింది, వెనక పొడుగాటి అలలు లేపుకుంటూ. అవి పక్కనించి తగిలితే ఇంత చిన్న బోటు ఒక పక్కకి దబ్బున ఒరిగిపడుతుంది. గ్లెనిస్ వేగం తగ్గించి, ముక్కుని అలకి కొంచెం ఏటవాలుగా తిప్పింది. మొదటి అల కిందకి వచ్చి బోటుని మెత్తగా ఎత్తి, మెత్తగా దింపింది. రెండోదీ అంతే. మూడోది ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు.

ఆమె పక్కకి చూసింది. అతని టోపీ కూడా జరగలేదు. కెటరింగ్ వైపు నీళ్ల మీద మేఘం నీడ పడింది. అవతల, దీవి అంచు వెంట, ఎండ ఇంకా ఉంది. గ్లెనిస్ చక్రాన్ని నెమ్మదిగా ఆ ఎండ వైపు తిప్పింది.